రామతీర్థం గురుభక్తుల కొండ: ఆటో ముంచింది, అంబలి నిలబెట్టింది

విజయనగరం దగ్గరి రామతీర్థంలో గురుభక్తుల కొండ మీదున్న పాత బౌద్ధ కట్టడాలు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, విజయనగరంలో ఆటోని రానూపోనూ మాట్లాడుకోకండి. నేనూ మా బావమరిదీ 800కి బేరం కుదుర్చుకుని, మూడు గంటలు ఆగాలని రెండుసార్లు చెప్పి, 500 ముందే చేతిలో పెట్టాం. అదే మేం చేసిన తప్పు.



జనం రాముడి గుడి చూసుకుని, బోడికొండ ఎక్కి వెళ్లిపోతారు గానీ గురుభక్తుల కొండ వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఎత్తు సుమారు 500 అడుగులే. మా బావమరిది చెప్పులతో వచ్చి సగం దారిలోనే మొహం మాడ్చుకున్నాడు, బూట్లు తప్పనిసరి. పైన అరుగులాంటి సన్నటి జాగా, ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క కిందికి చూస్తే కళ్లు తిరిగే దిగుడు. ఆ అంచు జారిపోకుండా రాళ్లతో గోడ కట్టి, ఆ కాస్త చోటులోనే అప్పటి బౌద్ధులు స్తూపం, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదులు కట్టుకున్నారు. 1910 ప్రాంతంలో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించారు. ఒక ఇటుక మీద చెయ్యి ఆనించి చూశా, నా జానెడు పొడవుని మించి ఉంది. ఇంత ఎత్తుకి ఇవన్నీ ఎలా మోశారో! బావమరిది కూడా ఫోన్ జేబులో పెట్టేసి, మాట్లాడకుండా చాలాసేపు కూర్చుండిపోయాడు.

దిగేసరికి పదకొండున్నర, ఆటో లేదు, ఫోన్ స్విచ్ఛాఫ్. సీసాలో నీళ్లు అయిపోయాయి, బావమరిది కోపమంతా నా మీదే.

రోడ్డు పక్కన పాకలో ఒక పెద్దావిడ చోడి (రాగి) అంబలి అమ్ముతోంది. "ఏటి బాబూ, ఇంత ఎండలో కొండెక్కేరా?" అంటూ ముందు మంచినీళ్లిచ్చింది. తర్వాత కుండలోంచి అంబలి తీసి, మజ్జిగ పోసి, ఉప్పేసి కలిపి, నంజుకోడానికి ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ పెట్టింది. చల్లగా, కాస్త పులుపు తేలి, గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. గ్లాసు 15, మూడేసి తాగాం. 100 ఇస్తే కొంగు ముడి విప్పి మిగతా 10 వెతికి మరీ ఇచ్చింది, వద్దన్నా వినలేదు.

తిరుగు ప్రయాణం షేర్ ఆటోలో మనిషికి 30. సాయంత్రం లాడ్జిలో ఉండగా పొద్దుటి ఆటో అతను ఫోన్ చేసి మిగతా 300 అడిగాడు. ఇవ్వనని చెప్పి పెట్టేశాను.