జాగ్రత్త: "పది వేల బీట్లు" మిడి ప్యాక్ కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకునేవాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒకటే ప్రకటన తిరుగుతోంది. తీన్మార్, డప్పు, కోలాటం, భక్తి, మెలడీ అన్నీ కలిపి పది వేల మిడి బీట్లు, పైన కీబోర్డ్ లైబ్రరీలు (కీబోర్డ్‌తో వాయించుకునే శబ్దాల ప్యాక్‌లు) బోనస్, మొత్తం 1,999 రూపాయలు. "అన్నీ లైవ్ డ్రమ్మర్ వాయించినవే" అని ఒక ముక్క. కొన్నాను. లోపల ఏముందో చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

ముందు ఆ డెమో వీడియో సంగతి. అందులో మోగే డప్పు మీకు రాదు. మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఏ నోటు, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న లెక్క మాత్రమే ఉంటుంది. మోగించాల్సింది మీ దగ్గరున్న వర్చువల్ డ్రమ్సే, అంటే కంప్యూటర్‌లో డ్రమ్ శబ్దాలిచ్చే ప్లగిన్ సాఫ్ట్‌వేరే. ఏ నోటు నంబర్‌కి ఏ వాయిద్యం మోగాలో చెప్పే ప్రమాణం ఒకటుంది. 1991లో వచ్చిన ఆ జనరల్ మిడి డ్రమ్ పట్టికలో బోంగో ఉంది, కాంగా ఉంది. డప్పు లేదు, డోలక్ లేదు, తబలా కూడా లేదు. అందుకే "తీన్మార్" ఫోల్డర్ తెరిస్తే నా దగ్గర డ్రమ్ కిట్‌లోని టామ్‌లు దబదబా మోగాయి. డప్పు శాంపిల్స్ (రికార్డు చేసిన శబ్దాలు) విడిగా కొనాలట. ఆ మాట ప్రకటనలో ఎక్కడా లేదు, డబ్బు పంపాక చెప్పారు.

ఇక లైవ్ డ్రమ్మర్. ఒక ఫైలు రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, నోట్లన్నీ గీతలుగా కనిపించే పియానో రోల్ తెరిచాను. కిక్ డ్రమ్ నోటు నంబర్ 36, స్నేర్ డ్రమ్‌ది 38, ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ప్రతి దెబ్బ తాళం లెక్క చూపే గ్రిడ్ గీత మీదే, వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. వెలాసిటీ, అంటే దెబ్బ ఎంత గట్టిదో చెప్పే అంకె చూస్తే, మొదటి దెబ్బ నుంచి చివరి దాకా 100, 100, 100. మనిషి వాయిస్తే స్నేర్ మీద వినీ వినపడని గోస్ట్ నోట్లు 30 దగ్గర పడతాయి, నొక్కి కొట్టే యాక్సెంట్ 115 దాటుతుంది, జంట తాళాల్లాంటి హై-హ్యాట్ ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా ఊగుతుంది. మంచి డ్రమ్ ప్లగిన్లు మెల్లని దెబ్బకీ గట్టి దెబ్బకీ వేర్వేరు శాంపిల్స్ పెడతాయి. అన్నీ 100 అయితే ఆ శాంపిల్స్‌లో చాలావరకు అసలు కదలవు, కుట్టు మిషన్ నడిచినట్టుంటుంది. మౌస్‌తో గీసి పది వేలు చేయడం పెద్ద పనేం కాదు. పైగా సగం ఫైళ్లు పేరు మార్చిన కాపీలే.

కొన్ని ఫైళ్లలో హై-హ్యాట్ బదులు బోంగోలు మోగాయి. అవి ఏదో పెద్ద డ్రమ్ ప్లగిన్ సొంత మ్యాప్‌కి (నోటు నంబర్ల పట్టికకి) చేసినవి. అక్కడ హై-హ్యాట్ నోట్లు 60 పైన ఉన్నాయి, జనరల్ మిడిలో ఆ చోటు బోంగో, కాంగాలది. మ్యాప్ ఏదో చెప్తే ఐదు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. అడిగితే "మీ ప్లగిన్ ప్రాబ్లమ్ బ్రో" అన్నారు.

కీబోర్డ్ లైబ్రరీల కథ ఇంకా ఘోరం. అవి కాంటాక్ట్ అనే శాంపిల్స్ వాయించే సాఫ్ట్‌వేర్ పూర్తి వెర్షన్‌లో మాత్రమే నడిచేవి. ఉచిత ప్లేయర్‌లో తెరిస్తే డెమో మోడ్‌లో 15 నిమిషాలు పలికి ఆగిపోతాయి. ఇంకొన్నిటికి లైసెన్స్ లేకుండా నడిపించే క్రాక్ ఫైలు జతచేసి "యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అని చీటీ. ఆ ఫోల్డర్ అక్కడే డిలీట్ చేశాను, మీరూ ముట్టుకోకండి. పియానో మిడి ఫైళ్లలో, స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ డేటా, అంటే కంట్రోలర్ 64, ఎక్కడా కనపడలేదు. దాంతో ప్రతి కార్డూ (కలిపి వాయించే స్వరాల గుంపు) మధ్యలో తెగిపోతుంది.

కొనే తీరాలంటే అమ్మేవాళ్లను ఒక్క శాంపిల్ మిడి ఫైలు అడగండి. వీడియో కాదు, ఎంపీ3 కాదు, మిడి ఫైలే. మీ ప్లగిన్‌లోనే వేసి వినండి, వెలాసిటీ గీతలు చూడండి. ఏ డ్రమ్ మ్యాప్‌కి చేశారో రాతపూర్వకంగా చెప్పమనండి. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకైతే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ అనే డ్రమ్ ప్లగిన్ ఉచితం, గ్రూవ్‌లు (తయారుగా ఉన్న బీట్లు) కూడా దానితోనే వస్తాయి. రాక్, పాప్‌కి అది చాలు. మన బీట్లు అందులో దొరకవు.

రీఫండ్ అడిగితే "డిజిటల్ ప్రొడక్ట్, రిటర్న్ లేదు" అని నంబర్ బ్లాక్ చేశారు. యూపీఐలో నేరుగా వ్యక్తి నంబర్‌కి మన చేత్తో పంపిన డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం. బిల్లు, వెబ్‌సైట్ లేకుండా క్యూఆర్ కోడ్ ఒక్కటే పంపేవాళ్ల దగ్గర వంద రూపాయల ప్యాక్ కూడా కొనకండి.