పికప్ పోయిన డీజిల్ బండి, పొద్దుటి గరగర: చవక ఓబీడీ స్కానర్ చాలాకాలం వాడాక

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే నీలం రంగు బ్లూటూత్ స్కానర్ ఇది. బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు, సెన్సర్ల రీడింగులు ఫోన్‌లో చూపిస్తుంది. చెప్పుకోదగ్గ కంపెనీ పేరేమీ లేదు, చవకది. కొన్నేళ్ళుగా వాడుతున్నాను. మా బండికి ఒకేసారి రెండు రోగాలు వచ్చినప్పుడు, ఒకదాన్ని చక్కగా పట్టిచ్చింది, రెండోదాని దగ్గర చేతులెత్తేసింది. కొనాలనుకునేవాళ్ళకి ఈ రెండూ తెలియాలి.

బండి చిన్న డీజిల్ సెడాన్. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) ఉంది, టైమింగ్ చైన్ ఇంజిన్, లక్ష కిలోమీటర్లు దాటింది. ముందు పికప్ తగ్గింది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అంతగా తెలియలేదు గానీ శ్రీశైలం ఘాట్‌లో బయటపడింది. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే మూడో గేర్‌లో లాగాల్సిన బండి రెండో గేర్‌లో కూడా మూలుగుతోంది, వెనక నల్ల పొగ. ఆ రోజుల్లోనే పొద్దున సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు గరగరమని చప్పుడు మొదలైంది. చెక్ లైట్ మాత్రం వెలగలేదు. షెడ్‌లో బానెట్ ఎత్తకుండానే తీర్పు చెప్పేశారు: "టర్బో పోయింది సార్, ఆ సౌండ్ కూడా దానిదే." అంత ఖర్చుకి ఊ అనే ముందు నేనే చూసుకుందామనుకున్నాను.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి. కాబట్టి ఆ తర్వాతి బండ్లలో స్టీరింగ్ కింద ఎక్కడో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ అందులో గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ తెరిస్తే సరిపోతుంది. పాస్‌వర్డ్ అడిగితే 1234, కాకపోతే 0000. లైట్ వెలగకపోయినా పెండింగ్‌లో, అంటే ఇంకా ఖాయం కాని లోపాల జాబితాలో, ఒక కోడ్ దొరికింది: పీ0299. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి రావట్లేదని దానర్థం. అంతేగానీ టర్బో పోయిందని కాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కోడ్ రోగలక్షణం చెబుతుంది, ఏ పార్టు మార్చాలో చెప్పదు.

అసలు పని లైవ్ రీడింగులతో జరిగింది. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి కొలిచేది) చూశాను. అప్పుడది బయటి గాలి ఒత్తిడే చూపాలి. సముద్ర మట్టం దగ్గరైతే 101 కిలోపాస్కల్స్, మన హైదరాబాద్ ఎత్తుకి 95 అటూఇటూ. మాకూ అంతే వచ్చింది కాబట్టి సెన్సర్ బాగానే ఉన్నట్టు. తర్వాత మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీగా ఉన్న వేళ ఔటర్ రింగ్ రోడ్డు ర్యాంపు మీద మూడో గేర్‌లో 2000 ఆర్‌పీఎం నుంచి పెడల్ పూర్తిగా తొక్కాను. నడిపేవాళ్ళు ఫోన్ చూడొద్దు, ఇద్దరుండాల్సిన పని ఇది. "బావా, నూట నలభై దాటట్లేదు" అన్నాడు. ఇలాంటి టర్బో డీజిల్‌లో ఆ లోడ్ మీద మ్యాప్ రీడింగ్ 200 దాటాలి. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే డీజిల్ ఒత్తిడి) మాత్రం పెడల్‌తో పాటు చక్కగా లేస్తోంది. అంటే డీజిల్ అందుతోంది, డీజిల్ ఫిల్టర్ మీద అనుమానం అక్కర్లేదు. గాలే చాలట్లేదు. నల్ల పొగకీ అదే కారణం.

ఈ రీడింగులు చూపించాక మరో మెకానిక్ టర్బో జోలికి పోకుండా, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులు తడిమాడు. ఈ పైపుల లోపల కాస్త ఆయిల్ జిడ్డు ఎలాగూ ఉంటుంది. కానీ కింది రబ్బరు పైపు వంపు దగ్గర బయట కూడా తడిగా ఉంది, దాని మీద దుమ్ము పేరుకుని ముద్ద కట్టింది. చేత్తో నొక్కి చూస్తే పగులేమీ కనిపించలేదు. రెండు చివర్లూ మూసి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొంచెం గాలి పెట్టి, సబ్బు నీళ్ళు పోశాడు. వంపు లోపలి వైపు సన్నటి గీత తెరుచుకుని నురగ కక్కింది. ఒత్తిడి పడితేనే తెరుచుకునే పగులది, మామూలుగా చూస్తే కనపడదు. పైపు, క్లాంపులు మార్చాక అదే ర్యాంపు మీద రీడింగ్ 200 దాటింది, పొగ పోయింది. స్కానర్ ఖరీదు అక్కడికే వసూలైంది.

పొద్దుటి గరగర మాత్రం పోలేదు. టర్బోకీ దానికీ సంబంధం లేదని అప్పుడు ఖాయమైంది. దీని గురించి స్కానర్‌కి ఏమీ తెలియదు, ఎందుకంటే చప్పుడు కొలిచే సెన్సర్ అక్కడ లేదు. ఇంజిన్ లోపల క్యామ్, క్రాంక్ షాఫ్టులను కలిపి తిప్పే టైమింగ్ చైన్ బాగా సాగి ఆ రెండింటికీ పొంతన తప్పితే పీ0016 కోడ్ రావచ్చు. మాకు రాలేదు. రాకపోయినంత మాత్రాన చైన్ భేషుగ్గా ఉందనీ కాదు.

ఇక చెవులకే పని. బెల్టు కీచుమంటే కాసిని నీళ్ళు చల్లగానే చప్పుడు మారుతుంది. ఎగ్జాస్ట్ లీకైతే టిక్‌టిక్ మంటూ, ఇంజిన్ వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. డీజిల్ సహజ కటకట కూడా నిమిషాల మీద మెత్తబడుతుంది. మాది వీటిలో ఏదీ కాదు, కత్తిరించినట్టు ఆగిపోతోంది. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైట్ చూస్తే విషయం తేలింది. ఆ లైట్ మామూలు కంటే ఆలస్యంగా ఆరుతోంది, అది ఆరగానే గరగరా ఆగుతోంది. టీ తాగి వచ్చి స్టార్ట్ చేస్తే రెండూ లేవు. చైన్‌ని బిగబట్టే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, ఒత్తిడి వచ్చేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. మన దగ్గర కోల్డ్ స్టార్ట్ అంటే మంచు పడనక్కర్లేదు, రాత్రంతా ఆగిన బండి చాలు.

పొద్దున స్టార్ట్ చేయకుండానే ఆయిల్ ఫిల్టర్ విప్పించాను. పక్కకి బిగించే రకం, లోపల ఆయిల్ దాదాపు లేదు. ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర ఉంటుంది, కిందటి సర్వీసులో వేసిన చవక ఫిల్టర్‌లో అది అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఒరిజినల్ ఫిల్టర్, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ వేశాక గరగర లేదు. అది వేసినా చప్పుడు ఆగకపోతే మాత్రం చైన్, టెన్షనర్ విప్పించి చూపించాల్సిందే, వాయిదా వేసే విషయం కాదు.

స్కానర్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఒకేసారి ఎక్కువ మీటర్లు పెడితే రీడింగులు నత్తనడక నడుస్తాయి, రెండు మూడే పెట్టుకోవాలి. నాలాంటి చవకవాటిలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఆశించొద్దు. నా దాని లాంటి మామూలు బ్లూటూత్ రకం ఐఫోన్‌తో పనిచేయదు, వైఫైదో బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) దో కొనాలి. కోడ్ చెరిపే బటన్ ఊరిస్తూ ఉంటుంది గానీ, ముందు ఫొటో తీసుకోండి. చెరిపితే కోడ్ వచ్చిన క్షణాన నమోదైన రీడింగులూ పోతాయి, మెకానిక్‌కి చూపించడానికి ఏమీ మిగలదు. పని కాగానే పీకేయాలి కూడా. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

టర్బో లేని పెట్రోల్ బండి వాళ్ళకి పై అంకెలు పనికిరావు. వాటిలో మ్యాప్ ఐడిల్‌లో 30, 40 దగ్గర ఉంటుంది, పెడల్ పూర్తిగా తొక్కినా బయటి గాలి ఒత్తిడిని మించదు. వాళ్ళు ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్‌ని కంప్యూటర్ ఎంత పెంచి తగ్గిస్తోందో చెప్పే) అంకెలు చూసుకోవాలి.