రైతుబజారు బోర్డు మీద లేని అంకె

రైతుబజారును అందరూ చూసేది ధర కళ్లద్దాలతోనే. ఇక్కడ పెడుతున్న కొలత వేరు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కడుపులో పడాలంటే హైదరాబాద్‌లో మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఉన్న ఈ బజార్లు ఎంతవరకు అక్కరకొస్తాయి?

ఈ 400 ఎక్కడిదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 నివేదికలోనే ఉంది. 2003లో ఆహార వ్యవసాయ సంస్థతో కలిసి ఇచ్చిన నివేదిక దాన్నే ఖాయం చేసింది. దాన్ని ఐదు 80 గ్రాముల వాటాలుగా విడగొట్టి బ్రిటన్ 'రోజుకు ఐదు' అని ప్రచారం చేసింది. ఆస్ట్రేలియావాళ్లు పండ్లు రెండు వాటాలు, కూరలు ఐదు వాటాలు అన్నారు. వాళ్ల వాటాలు పెద్దవి, పండు 150 గ్రాములు, కూర 75, కాబట్టి మొత్తం 675 అవుతుంది. జపాన్ కూరగాయలే 350 గ్రాములు తినమంటుంది. ఐక్యరాజ్యసమితి 2021ని ఏకంగా పండ్లు, కూరగాయల సంవత్సరంగా ప్రకటించింది. ఇంత దూరం పోనక్కర్లేదు, మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పళ్లెం లెక్క ఇంకా గట్టిది: కూరగాయలు 400, పండ్లు 100. ఆలుగడ్డ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లేదు, బ్రిటన్ లెక్కలోనూ లేదు. అది అన్నం పక్కన కూర్చునే సరుకు.

ఇప్పుడు మామూలు ఇంటి కొనుగోలు చూడండి. పొద్దున కూరకు అర కిలో దొండకాయ, పప్పులోకి పావుకిలో టమాట. తొడిమలు, కొసలు పోగా దొండకాయ నలుగురికి పంచితే మనిషికి 110 గ్రాములు, టమాట 60. రాత్రికి మిగిలిన అదే కూర. రోజు మొత్తానికి 170 గ్రాములు. ఒక అరటిపండు కలిపితే 250. దొండకాయ బదులు ఆ రోజు ఆలుగడ్డ వేపుడైతే 140కి దిగుతుంది. చాలా ఇళ్లలో 'మేం కూరలు బాగానే తింటాం' అనే మాట వెనక ఉన్న తూకం ఇదే.

రైతుబజారు అసలు బలం ఇక్కడ పనికొస్తుంది. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిలో గుర్తింపు కార్డున్న రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకుంటాడు. ధర ఏ రోజుకారోజు హోల్‌సేల్ కంటే కొంచెం ఎక్కువ, బయటి చిల్లర కంటే తక్కువగా నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. బేరం ఆడే పని లేదు. బేరం లేకపోతే పావుకిలో దగ్గర ఆగాల్సిన పనీ లేదు. అర కిలో అనే నోటి అలవాటును ముప్పావు కిలోకు మారిస్తే 250 గ్రాములు పెరిగి, ఒక్క పూటకే మనిషికి 60 గ్రాములు కలుస్తాయి. ఇంతకంటే చౌకగా ఈ అంకెను పెంచే దారి నగరంలో ఇంకోటి లేదు.

ఆకుకూరల వరుసకు మా మార్కు పదికి తొమ్మిది. పాలకూర, తోటకూర, పుంటికూర, చుక్కకూర, మెంతికూర, రోజు బాగుంటే గంగవాయిలకూర కూడా దొరుకుతాయి. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే కోసి ఎక్కువ గంటలు కాని సరుకు ఉంటుంది. ఒక్క మార్కు ఎందుకు పోయిందంటే నీళ్ల వల్ల. వాడిపోకుండా ఉండాలని కట్టల మీద చల్లుతూనే ఉంటారు. పైన నిగనిగలాడుతుంది, తాడు బిగించిన చోట లోపల ఆకు జిగురు పడుతుంది. కట్టను తిప్పి, నడుమ వేలు పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే వదిలేయండి. ఇంకో సంగతి, కట్ట అనేది కొలత కాదు. వేళ్లు, మన్ను, ముదురు కాడలు తీసేశాక పాలకూర కట్టలో ఎంత మిగులుతుందో ఇంట్లో ఒకసారి కాటా మీద పెట్టి చూస్తే, పప్పులోకి ఒక కట్ట వేసి ఆకుకూర తిన్నామనుకోవడం మానేస్తారు.

కాయగూరల్లో బీర, సొర, దోస, వంకాయ, బెండ, గోకరకాయ నమ్మకంగా కొనొచ్చు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ లాంటి దూరపు సరుకు ఎక్కువగా మహిళా సంఘాల దుకాణాల్లో ఉంటుంది. అక్కడ ధర తేడా పెద్దగా కనిపించదు. బోర్డు ధరతో వచ్చే పేచీ ఒకటుంది. బోర్డు మీద 'వంకాయ' అని ఒకటే ధర, బల్ల మీద మాత్రం రెండు రకాలు. 'ఇది ఫస్టు రకం' అంటూ రెండు రూపాయలు ఎక్కువ అడిగితే, బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ గది అక్కడే ఉంటుంది, వెళ్లి అడగడంలో తప్పు లేదు. కాటా మీద సంచి పెట్టకముందు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. తూకాల శాఖ ముద్ర ఉందో లేదో చూడటం కూడా మంచి అలవాటే, అయినా మన జనం అది తప్ప అన్నీ చూస్తారు.

పండ్ల విషయంలో రైతుబజారు తేలిపోతుంది. జామ, బొప్పాయి, అరటి, ఆయా కాలాల్లో బత్తాయి, సీతాఫలం కనిపిస్తాయి, అంతే. అందుకే వారం పండ్ల లెక్క ఇక్కడ పూర్తి కాదు, పక్క బండి దగ్గర ఆగాల్సిందే. ఆ బండి మీద మామిడి కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం, ఇథిలీన్ వాయువుకు మాత్రం పరిమితితో అనుమతి ఉంది. తొక్క అంతా ఒకే పసుపులో ఉండి, వాసన రాక, కోస్తే టెంక దగ్గర గట్టిగా, పుల్లగా ఉంటే అనుమానించాలి. తూకంలోనూ పండ్లు మోసం చేస్తాయి. అరటిలో మూడోవంతు తొక్కే, సీతాఫలంలో దాదాపు సగం తొక్కా గింజలే. జ్యూస్ తాగి లెక్క పూర్తి చేద్దామంటే కుదరదు. బ్రిటన్ లెక్కలో 150 మిల్లీలీటర్లు ఒక వాటా, ఆపైన ఎంత తాగినా ఒకటే. పప్పుధాన్యాలకూ అక్కడ అదే నియమం. ఆవకాయ సంగతి అడగకండి.

నలుగురికి వారానికి ఎంత కొనాలి? తార్నాక లెక్కన తినే భాగమే కూరగాయలు 11 కిలోల 200 గ్రాములు, పండ్లు 2 కిలోల 800. తొక్కా తొడిమలకు కలుపుకొంటే కూరలు 13 నుంచి 14 కిలోలు, పండ్లు నాలుగు. ఒక్కసారే తెస్తే సగం ఫ్రిజ్‌లో కుళ్లి చెత్తబుట్టకు పోతుంది. చాలామంది రెండు వారాలకే ఈ ప్రయత్నం మానేసేది ఇక్కడే. వారానికి రెండుసార్లు వెళ్లండి, లేదా ఆదివారం బజారు, వారం మధ్యలో మీ కాలనీ అంగడి. వాడే వరుస కూడా ముందే అనుకోవాలి: తెచ్చిన రోజూ మర్నాడూ ఆకుకూరలు, తర్వాత బెండ, చిక్కుడు, వంకాయ, ఆఖరుకు సొరకాయ, క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, గుమ్మడి.

దాచేటప్పుడు ఆకుకూర కడగొద్దు. కట్ట విప్పి, చెడిన ఆకు ఏరేసి, ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి, పాత నూలుబట్టలో చుట్టి కింది అరలో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. బెండ, వంకాయ, దోసకాయలకు చలి పడదు, ఫ్రిజ్ లోపలి వెనక గోడకు ఆనిస్తే గుంటలు పడి మచ్చలొస్తాయి. దోరటమాట బయటే ఉంచాలి. ఉల్లిగడ్డనూ ఆలుగడ్డనూ ఒకే బుట్టలో పోస్తే ఒకదాని చెమ్మకు ఇంకోటి మొలకెత్తుతుంది. అరటిగెల పక్కన కొత్తిమీర పెడితే, పండు వదిలే ఇథిలీన్‌కు ఆకు త్వరగా పసుపురంగుకు తిరుగుతుంది. వండేముందు కడిగి కోయండి. కోసి కడిగితే సి విటమిన్ సింకులోకి పోతుంది.

మొత్తం మీద ఆకుకూరలకు తొమ్మిది, కాయగూరలకు ఎనిమిది, పండ్లకు నాలుగు. సాయంత్రం ఆరు దాటాక వెళ్లేవాళ్లు ప్రతిదాంట్లో రెండేసి తగ్గించుకోవాలి. బోర్డు మీద ధర పక్కనే 'నలుగురికి ఒక రోజుకు 1,600 గ్రాములు' అని ఇంకో వరుస రాయడానికి చాక్‌పీసు చాలు. ఇప్పటికైతే ఆ లెక్క కొనేవాళ్లే సంచిలో వేసుకుని వెళ్లాలి.