నెల సామాన్లకి పెద్ద స్టోరా, చిల్లరంగడా?

ఇంటి లెక్కలు రాసే అలవాటు నాకుందని తెలిసిన ప్రతివాళ్లూ తిప్పి తిప్పి అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. మా తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు కొత్తగా కాపురం పెట్టిన జంటలైతే మరీనూ. రెండుచోట్ల బిల్లులూ పక్కపక్కన పెట్టి "చూడక్కా, కందిబేడలకే (కందిపప్పుకే) ఇంత తేడా ఉంది, ఇంకా ఆ చిల్లరంగడికి ఎందుకు పోతావు?" అంటారు. తేడా ఉన్నమాట నిజమే, కాదనను. అయితే ఏ సరుకులో తేడా ఉంది, ఆ తేడా ఇంటికి చేరేసరికి మిగిలిందా అనేది కూడా చూడాలి కదా.

ముందు పెద్ద స్టోరుకి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. సబ్బులు, పేస్టు, బట్టల పొడి, టీపొడి, బిస్కెట్లు లాంటి కంపెనీ సరుకుల మీద ఎం.ఆర్.పి. ముద్ర ఉంటుంది. ఇక్కడైనా అక్కడైనా అదే సరుకు, అదే తూకం. డీమార్ట్ లాంటివాళ్లు లారీల లెక్కన కొంటారు కాబట్టి ఎం.ఆర్.పి. మీద తగ్గించి ఇవ్వగలరు. వీధి అంగడాయనకి ఏజెన్సీ ఇచ్చే మార్జినే అంతంతమాత్రం, ఆయన ఏం తగ్గిస్తాడు పాపం? ఈ జాబితా వరకు స్టోరే మేలు. ఒక్క షాంపూని మాత్రం పక్కన పెట్టండి. పెద్ద సీసా తగ్గింపులో వచ్చినా, మిల్లీలీటరు లెక్కన చూస్తే రూపాయి ప్యాకెట్లే చవక పడటం మామూలు.

ఎం.ఆర్.పి. లేకుండా విడిగా తూచి అమ్మే సరుకుల దగ్గరే కథ మారుతుంది. బియ్యం, బేడలు, రాగులు, చింతపండు, మిరపకాయలు, పోపు సామాన్లు. వీటికి "తగ్గింపు" అనే మాటకి అర్థమే లేదు, ఎందులోంచి తగ్గించినట్టు? కిలో ధర ఎంత, సరుకు ఎలాంటిది, అంతే చూడాల్సింది. పైగా లేబులు వేసిన ప్యాకెట్లలో అమ్మే బియ్యం, బేడలు, పిండ్ల మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. మూటలోంచి తూచి పొట్లం కట్టి ఇస్తే లేదు. 25 కిలోలు దాటిన మూటకీ లేదు. అంగళ్లలో 26 కిలోల బియ్యం మూటలు ఎందుకు కనబడతాయా అని ఆశ్చర్యపోయేవాళ్లకి కారణం అదే.

బేడల్లో ఇంకో సంగతి ఉంది. ప్యాకెట్టు మీద తయారీ తేదీ ఉంటుంది గానీ ఎలా ఉడుకుతాయో రాసి ఉండదు. చిల్లరంగడిలో నేను మొదట గుప్పెడు చేతిలోకి తీసుకుంటాను. "అన్నా, పోయిన నెల మూటేనా, కొత్తది విప్పినావా?" అంటే, "కొత్తదేక్కా. కానీ ఇది కొంచెం మొండిగా ఉడకతాది, పక్క మూట తీస్కో" అని ఆయనే చెప్తాడు. కిలోకి నాలుగు రూపాయలు తక్కువని తెచ్చిన బేడలు కుక్కర్లో ఇంకో మూడు విజిల్స్ అడిగితే, ఆ నాలుగు రూపాయలూ గ్యాసు బండలోకి పోయినట్టే.

నూనె దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. గానుగ దగ్గర చెనిగ (వేరుశనగ) నూనె కిలోల్లో తూచి ఇస్తారు, స్టోరులో లీటరు ప్యాకెట్టు. లీటరు చెనిగ నూనె తూకం సుమారు 910 గ్రాములు. గానుగలో కిలో 300 అనీ, స్టోరులో అదే రకం గానుగ నూనె లీటరు 280 అనీ అనుకుందాం. పైపైన చూస్తే స్టోరుది 20 రూపాయలు చవక. 280ని 0.91తో భాగించి చూడండి, కిలోకి 307 దాటుతుంది. రిఫైన్డ్ నూనె సంగతి వేరు, అది ఎక్కడైనా గానుగ నూనె కన్నా చవకే. అందులోనూ లీటరు ప్యాకెట్టు పక్కనే అచ్చం అలాగే కనబడే 800, 850 గ్రాముల ప్యాకెట్లు ఉంటాయి, జాగ్రత్త. ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎం.ఆర్.పి. దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. చిన్న అక్షరాలే గానీ, కళ్లద్దాలు పెట్టుకునైనా చదవాల్సింది అదే.

ఇంతవరకు చెప్పినవన్నీ కూడికలు, తీసివేతలే. వీటితోనే తేల్చాల్సి వస్తే సమానంగా ఉందనే చెప్పేదాన్ని. నా వరకు తేల్చేది మాత్రం చిల్లరంగడిలో మనకీ సరుకుకీ మధ్య అడ్డంగా ఉండే ఆ చెక్కబల్ల.

బల్లకి ఇవతల మనం, అవతల మూటలూ డబ్బాలూ. చీటీలో రాసింది చదువుతాం, ఆయన తూచి కడతాడు. కందిబేడలు రెండు కిలోలు, ఉద్దిబేడలు కిలో, రాగులు అయిదు కిలోలు, ఎండుమిరప అరకిలో, ధనియాలు పావు, మెంతులు యాభై గ్రాములు. యాభై గ్రాములంటే యాభై గ్రాములే. స్టోరులో ఆ మెంతులకే అంతకు రెండింతలో నాలుగింతలో ఉన్న ప్యాకెట్టు తీసుకోవాలి. మన ఎండలకి రవ్వ, శెనగపిండి నాలుగు రోజులు ఎక్కువ ఉంటే పురుగు పడతాయి. ఎక్కువ కొంటే చవక అనేది బియ్యానికి చెల్లుతుంది, పోపుల పెట్టెకి చెల్లదు.

స్టోరులో ఆ బల్ల ఉండదు. చేతికే బండి ఇస్తారు, అదీ ఎంత లోతు! రాసుకున్న సరుకు అంతా వేసినా దాని అడుగు కూడా నిండదు, ఏదో తక్కువైనట్టే ఉంటుంది. బేడల అరలు ఎక్కడో లోపల, వాటి దగ్గరికి పోవాలంటే ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు, నూడుల్స్ దాటాలి. బిల్లు వేసేచోట వరుసలో నిలబడితే పిల్లల చేతికందే ఎత్తులో చాక్లెట్లు. చివరికి బిల్లు అడుగున మీకు ఇంత ఆదా అయిందని ఒక అంకె కొట్టి ఇస్తారు. అది ఎం.ఆర్.పి.లోంచి తీసేసి చెప్పే అంకె. చీటీలో లేకుండా వచ్చిన సామానుకి ఎంత అయిందో అందులో ఉండదు. నన్నడిగిన ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఒకటే: ఇంటికొచ్చాక బిల్లునీ చీటీనీ పక్కపక్కన పెట్టి, చీటీలో లేనివాటికి పెన్నుతో సున్నా చుట్టండి. ఆ సున్నాలన్నీ కూడి అడుగున ఉన్న అంకెతో పోల్చండి. ఆ పని చేసిన తర్వాత నా దగ్గరికి మళ్లీ బిల్లు పట్టుకొచ్చినవాళ్లు తక్కువ.

అంగడాయన్ని నెత్తిన పెట్టుకోమని కాదు. అడిగిన రకం లేకపోతే "ఇదీ అదేనక్కా" అని ఇంకోటి కట్టేస్తారు. చీటీ మీద ధరలు వేయకుండా మొత్తం మాత్రం వేసి ఇస్తారు. ధరలు వేసి ఇమ్మని అడగండి, మొహమాటపడొద్దు. అప్పు పుస్తకం జోలికి మాత్రం పోవద్దని నా సలహా. ఖాతా ఉన్నవాళ్లు ధర గురించి గట్టిగా మాట్లాడలేరు, అంగడి మారాలన్నా మారలేరు. ఇప్పుడు చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపితే సామాను ఇంటికే పంపుతున్నారు. బల్ల ఉండాల్సింది ఉంటుంది, నడక తప్పుతుంది. తెచ్చిన పిల్లవాడి ముందే చీటీ చూసుకుని, అప్పుడే ఫోన్‌పే కొట్టేస్తే సరి.

కూరగాయలకి ఇంత ఆలోచన అక్కర్లేదు, రైతు బజారే. 1999లో మొదలైనప్పటి నుంచీ వాటికున్న మేలు ఆనాటి ధరల బోర్డు. ముందు బోర్డు చదివి తర్వాత బుట్ట తీయాలి. మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దాకా పోయిన 2023లో కూడా ప్రభుత్వం 50 రూపాయలకి అమ్మించింది రైతు బజార్లలోనే. కాకపోతే దానికోసం ప్రత్యేకంగా ఆటో ఎక్కి పోతే మిగిలింది ఆటోకే సరిపోతుంది. దారిలో పడితే ఆగండి, లేదంటే గుమ్మం ముందుకొచ్చే బండి మేలు. కొసరుగా కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు ఎలాగూ వేస్తారు. వెంకన్న స్వామికి ముఖ్యమైన పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) మాత్రం ఎక్కడైనా కాస్త ఎక్కువే ఉంటుంది. ఊరికి వచ్చేవాళ్లూ ఎక్కువ, ఇళ్లలో మాంసం మానేసేవాళ్లూ ఎక్కువ.

చింతపండు ఈ రెండు అంగళ్లలోనూ నెలనెలా కొనాల్సిన సరుకు కాదు. కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన జిల్లాల్లో దండిగా దిగుతుంది. ఏడాదికి సరిపడా అప్పుడే తీసుకుని, గింజ తీయించి, ఉప్పు కలిపి జాడీకెత్తుకుంటే వానాకాలం ధరతో మనకి పనిలేదు. గింజతో ఉన్నది తక్కువ ధరకి వస్తుంది గానీ తూకంలో గింజ కూడా ఉంటుంది. కిలో కొట్టి చూసి, పండు ఎంత వచ్చిందో తూచుకున్నాకే మిగతాది బేరమాడండి.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌ల గురించి కూడా అడుగుతున్నారు. పాల ప్యాకెట్టు కోసం తెరిస్తే, ఉచితంగా తేవాలంటే ఇంకో వందకి కొనమంటుంది. జ్వరమొచ్చి లేవలేని రోజుకి పనికొస్తాయి.

కాబట్టి మా ఇంట్లో నెల సామాన్లు చిల్లరంగడిలోనే. సబ్బులు, పేస్టులు, బట్టల పొడి మాత్రం రెండు మూడు నెలలకి సరిపడా ఒకేసారి స్టోరులో. దానికి మా ఆయన్ని పంపిస్తాను. ఆయనకి షాపింగ్ అంటే చిరాకు. బండి తీసుకోడు, చేతిబుట్ట తీసుకుంటాడు, చీటీలో ఉన్నవి వేసుకుని పావుగంటలో బయటికొచ్చేస్తాడు. మీ ఇంట్లో కూడా అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. స్టోరు పని వాళ్లకి అప్పజెప్పండి, పిల్లల్ని వెంట పంపకండి.