విండోస్ ‘సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్’: పనిలో నమ్మకం, సమాధానంలో లోపం

విండోస్ 11 టాస్క్‌బార్ కుడిచివర, చాలా కంప్యూటర్లలో చిన్న బాణం గుర్తు నొక్కితే గానీ కనబడని ‘సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్ అండ్ ఎజెక్ట్ మీడియా’ సదుపాయం గురించి నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. పెన్‌డ్రైవును, మెమరీ కార్డును, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును భద్రంగా విడదీసే పనిని అది నమ్మకంగా చేస్తుంది. చేయలేకపోయినప్పుడు మాత్రం కారణమేమిటో వాడేవారికి చెప్పదు. ఈ మౌనం వల్లనే చాలామంది విసిగిపోయి డ్రైవును ఉన్నపళంగా లాగేయడానికి అలవాటు పడుతున్నారని నేను భావిస్తున్నాను.

ఫైలును కాపీ చేసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సమాచారాన్ని ముందు ర్యామ్‌లో ఉంచుకొని, పని పూర్తయినట్టు చూపించి, డ్రైవులోకి రాయడం ఆ తరువాత ముగించవచ్చు. ఎజెక్ట్ నొక్కితే విండోస్ ఆ మిగిలిన రాతను పూర్తిచేసి, డ్రైవులో ఏ ప్రోగ్రామూ ఫైలు తెరిచి ఉంచలేదని నిర్ధారించుకొని, ఆ తరువాతే తీయవచ్చని తెలియజేస్తుంది. లోపల పళ్లేలు తిరిగే హార్డ్‌డిస్కు విషయంలో దీనివల్ల మరో మేలు కూడా ఉంది: చాలా డిస్కులు అప్పుడు తిరగడం ఆపి, చదివే హెడ్‌ను దాని స్థానంలోకి చేర్చుకుంటాయి. ఒక్కసారిగా కరెంటు తెగితే అదే పని అత్యవసరంగా జరిగి యంత్రభాగాలపై ఒత్తిడి పడుతుంది.

2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి మైక్రోసాఫ్ట్ ‘క్విక్ రిమూవల్’ అనే విధానాన్ని డిఫాల్టుగా పెట్టింది. అందులో ఆ డ్రైవుకు రైట్ క్యాషింగ్ (రాయాల్సిన సమాచారాన్ని ముందు ర్యామ్‌లో ఉంచుకోవడం) ఆపివేస్తారు కనుక ఇక ఎజెక్ట్ అవసరమే లేదన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ మాటలో సగమే నిజం. ఈ ఎంపిక ఒక్కొక్క పరికరానికి విడిగా ఉంటుంది; డివైస్ మేనేజర్‌లో డిస్కు ప్రాపర్టీస్ తెరిచి, పాలసీస్ విభాగంలో ఎవరైనా ‘బెటర్ పెర్ఫార్మెన్స్’కు మార్చి ఉంటే ఎజెక్ట్ తప్పనిసరి. మన పెన్‌డ్రైవును పెట్టే జిరాక్స్ సెంటరు కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉందో, ఏ అమరిక ఉందో మనకు ఎలా తెలుస్తుంది? పైగా క్విక్ రిమూవల్ ఉన్నా, రాత జరుగుతున్న క్షణంలో డ్రైవును తీస్తే ఏ అమరికా కాపాడలేదు. పెన్‌డ్రైవుల్లో సాధారణంగా ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లకు (ఫైళ్లను డ్రైవులో అమర్చే పద్ధతులకు) జర్నల్, అంటే చేయబోయే మార్పులను ముందే నమోదు చేసుకునే చిట్టా, ఉండదు కాబట్టి, సగంలో ఆగిన రాత వల్ల ఒక్క ఫైలే కాక ఫోల్డరు మొత్తం చదవలేని స్థితికి రావచ్చు. విండోస్‌లోని మరో ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌లో జర్నల్ ఉన్నా అది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని నిలబెడుతుందే తప్ప, సగం రాసిన ఫైలులోని విషయాన్ని తిరిగి తేలేదు. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులకు ఎక్స్‌ఫ్యాటే ప్రామాణికం కనుక, పెళ్లి ఫొటోలు తీసేవారికి ఇది చాలా ముఖ్యమైన సంగతి.

ఇక అసలు లోపం. డ్రైవును ఏదైనా ప్రోగ్రామ్ వాడుతుంటే, పరికరం వాడుకలో ఉందని, దాన్ని వాడే ప్రోగ్రాములను, విండోలను మూసివేసి మళ్లీ ప్రయత్నించాలని విండోస్ చెబుతుంది. ఏ ప్రోగ్రామో చెప్పదు. కంటికి కనబడే కిటికీలన్నీ మూసినా యాంటీవైరస్ తనిఖీ తెర వెనుక సాగుతూ ఉండవచ్చు, ఆదేశాలను టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ ఆ డ్రైవులోని ఫోల్డరులో నిలిచి ఉండవచ్చు. సామాన్యుడు వీటిని ఊహించలేడు. బాధ కలిగించే విషయమేమిటంటే, విండోస్‌కు ఆ పేరు తెలుసు. విండోస్ తనలో జరిగినవాటిని నమోదు చేసి చూపే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిస్తే, కెర్నల్-పీఎన్‌పీ పేరుతో 225 నంబరు నమోదులో ఎజెక్టును అడ్డుకున్న ప్రోగ్రామ్ పేరు, దాని ప్రాసెస్ ఐడీ రాసి ఉంటాయి. అంత పని చేసి, ఆ ఒక్క పేరును మన ముందున్న సందేశంలో చూపకపోవడాన్ని నేను సమర్థించలేను.

మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్ ఈ విషయంలో మెరుగు. డ్రైవు ఇంకా వాడుకలో ఉంటే దాన్ని పట్టుకొని ఉన్న అప్లికేషన్ల జాబితాను అక్కడే చూపిస్తుంది. రాత మిగిలి ఉంటే డ్రైవును తీయవద్దని హెచ్చరిస్తుంది. అయితే లినక్స్ ర్యామ్‌ను క్యాషింగ్‌కు ధారాళంగా వాడుతుంది కనుక, కాపీ ముగిసినట్టు కనబడిన తరువాత కూడా నెమ్మదైన పెన్‌డ్రైవుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అక్కడ ఓపిక పట్టక తప్పదు.

కొన్ని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో లోపల బిగించిన (సాటా కేబుల్‌తో కలిపిన) డిస్కు కూడా విండోస్ ఎజెక్ట్ జాబితాలో కనబడుతుంది. పొరపాటు పడకుండా మీ పెన్‌డ్రైవుకు స్పష్టమైన పేరు పెట్టుకోండి.

ఎజెక్ట్ మొండికేసినప్పుడు నడుస్తున్న ప్రోగ్రాములను చూపే, మైక్రోసాఫ్టే ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఫైండ్‌లో డ్రైవు అక్షరాన్ని కోలన్ గుర్తుతో సహా ఇచ్చి వెతికితే పట్టుకొని ఉన్న ప్రోగ్రామ్ దొరుకుతుంది. అంత శ్రమ వద్దనుకునేవారు పనులన్నీ సేవ్ చేసి, సైన్ అవుట్ అయి, మళ్లీ లోపలికి వచ్చి ఎజెక్ట్ చేయవచ్చు. స్లీప్‌లో పెట్టి తీయడం మాత్రం సరికాదు, ఎందుకంటే తెరిచిన ఫైళ్లు అప్పటికీ తెరిచే ఉంటాయి.