డాలస్ చలిలో నీళ్ల పైపులు: ట్యాప్ డ్రిప్‌లో పెట్టడమా, మెయిన్ కట్టేయడమా?

డిసెంబర్ వస్తే మన డాలస్ తెలుగు ఇళ్లలో ఊరెళ్లే హడావిడి మొదలవుతుంది. సూట్‌కేసులు తూకం వేస్తాం, పాస్‌పోర్టులు రెండుసార్లు చూసుకుంటాం. ఖాళీగా వదిలే ఇంట్లో నీళ్ల సంగతి మాత్రం ఎయిర్‌పోర్టుకు బయల్దేరేటప్పుడే గుర్తొస్తుంది. పైపులు గడ్డకట్టి పగలకుండా గబగబా వెనక్కి వెళ్లి ఒక ట్యాప్ సన్నగా వదిలి, అంటే డ్రిప్‌లో పెట్టి, తాళం వేస్తాం. ఇల్లు వారాల తరబడి ఖాళీగా ఉండేటప్పుడు ఇది సరిపోదు.

2021 ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్. టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మా వీధిలో ఒక అన్నయ్య వాళ్లు, నాన్నగారికి బాగోలేదని ఇండియా వెళ్లారు. తాళంచెవి మా దగ్గరే ఉంది. చలి తగ్గాక వెళ్లి తలుపు తీస్తే లోపల వాన పడుతున్న చప్పుడు. హాల్లో సీలింగ్ తడిసిన అప్పడంలా కిందికి వేలాడుతోంది. అటిక్‌లోని (పైకప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఉండే చోటు) గులాబీ రంగు ఇన్సులేషన్ ముద్దలుగా సోఫా మీద పడి ఉంది. వంటింట్లో ట్యాప్ డ్రిప్‌లో పెట్టే వెళ్లారు వాళ్లు.

అలాగని డ్రిప్ పనికిరాదని కాదు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. పైపులో ఐస్ అడ్డుపడితే, ఆ ఐస్‌కీ మూసి ఉన్న ట్యాప్‌కీ మధ్య చిక్కిన నీళ్ల ఒత్తిడి పెరిగిపోతుంది. చాలాసార్లు పైపు పగిలేది అక్కడే. ట్యాప్ కాస్త వదిలితే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. కానీ ఒక ట్యాప్ వదిలితే ఆ లైనుకే రక్షణ, పై అంతస్తు బాత్రూమ్ పైపుకు కాదు. ఇక్కడి ఇళ్లకు బేస్‌మెంట్ ఉండదు. చాలా ఇళ్లలో పైపులు అటిక్‌లోంచి, బయటి గోడల్లోంచి వస్తాయి, చలి తగిలేది వాటికే. పైగా డ్రిప్ పనిచేయాలంటే సిటీ నీళ్లు ఆగకూడదు. 2021లో చాలా ఊళ్లలో ప్రెషర్ పడిపోయింది.

ఇంట్లో మనుషులుంటే నా ఓటు డ్రిప్‌కే. బయటి గోడ వైపున్న ట్యాపుల్లో వేడి, చల్ల రెండూ పెన్సిల్ ముల్లంత సన్నటి ధారగా వదలండి. సింకు కింది అల్మారా తలుపులు తీసి ఉంచితే గదిలోని వెచ్చదనం పైపులకు తగులుతుంది. రాత్రి చుక్క ఆగిపోతే వెంటనే తెలుస్తుంది, ఏదో ఒకటి చేయొచ్చు. ఖాళీ ఇంట్లో ఆ చుక్క ఆగిందని చూసేదెవరు?

అందుకే ఊరెళ్తుంటే మెయిన్, అంటే ఇంటి మొత్తానికి నీళ్లొచ్చే వాల్వ్, కట్టేయడమే మేలు. చాలా ఇళ్లకు ముందు లాన్ అంచున, నేలమట్టంగా ఒక మూత ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో లేపితే సాలెగూళ్ల మధ్య మీటర్ కనిపిస్తుంది. ఇంటివైపు వాల్వ్‌ను తిప్పి కట్టేయండి. ప్రయాణం రోజు వెతుక్కునే టెన్షన్ లేకుండా ఒక వారం ముందే చూసి పెట్టుకోండి. తర్వాత ఇంట్లో ట్యాపులన్నీ తెరిచి, టాయిలెట్లు ఫ్లష్ చేయండి. గుటగుట గాలి చప్పుడు వచ్చి ధార ఆగిపోవాలి. గ్యాస్ వాటర్ హీటర్‌ను ‘వెకేషన్’ సెట్టింగ్‌లో పెట్టండి. లాన్ స్ప్రింక్లర్ల లైను విడిగా ఉంటే అదీ కట్టేయాలి. ఇంత చేశాక ఎక్కడైనా పైపు పగిలినా, అందులో మిగిలిన కాసిని నీళ్లే కారతాయి. ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లు ఉంటే మాత్రం వాటి నీళ్లు ఆపకూడదు, అక్కడ ఇంటిని వెచ్చగా ఉంచే హీటరే దిక్కు.

ఇంటి హీటర్ 55 ఫారెన్‌హీట్‌లో పెట్టి వెళ్తే చాలదా అని కొందరు అడుగుతారు. పెట్టండి, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. గ్యాస్ హీటర్‌కైనా ఫ్యాన్ తిరగడానికి కరెంటు కావాలి. ఇన్సూరెన్స్ కోసం కూడా ఇది ముఖ్యం. ఇల్లు ఖాళీగా ఉండగా గడ్డకట్టి పైపు పగిలితే, ఇంట్లో వేడి ఉంచారా లేదా నీళ్లు కట్టేసి ఖాళీ చేశారా అని చాలా పాలసీలు చూస్తాయి. మీ పాలసీలో ఆ పేరా చదవండి.

పైపులకు ఫోమ్ తొడుగులు, బయటి ట్యాపులకు మూతలు ఎలాగూ వేయాల్సినవే, ఖర్చు కొద్ది డాలర్లే. తోట గొట్టం మాత్రం తప్పకుండా ఊడదీయండి. అది తగిలించి ఉంటే ఫ్రాస్ట్-ఫ్రీ ట్యాప్ (చలికి గడ్డకట్టకుండా చేసిన బయటి ట్యాప్) కూడా పగలొచ్చు.

తిరిగొచ్చాక వాల్వ్‌ను ఒక్కసారిగా తిప్పేయకండి. ట్యాపులు తెరిచే ఉంచి మెల్లగా వదలండి, గాలంతా పోనివ్వండి. ఆ తర్వాత ట్యాపులన్నీ కట్టేసి మీటర్ దగ్గరికి వెళ్లి చూడండి. ముల్లు ఇంకా కదులుతుంటే ఎక్కడో కారుతున్నట్టే, వెంటనే మళ్లీ కట్టేసి ప్లంబర్‌ను పిలవండి.