గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్: పక్కన ఒక మనిషి ఉంటే నాలుగున్నర స్టార్లు

కంప్యూటర్ సమస్యలతో ఫోన్ చేసేవాళ్లకు సాయం చేసే హెల్ప్‌డెస్క్‌లో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు సాయంత్రాలు లైబ్రరీలో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లతో కూర్చుంటున్నాను. స్కూల్‌తో చదువు ఆపేసిన కుర్రాళ్లు వస్తారు, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ పనిలోకి వెళ్లాలనుకునే ఆడవాళ్లు వస్తారు, నలభై దాటాక ఫ్యాక్టరీ మూతపడి ఖాళీగా మిగిలినవాళ్లు వస్తారు. అందరూ ముందు అడిగేది ఒక్కటే: "ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది?" అందుకే కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఉన్న ఈ గూగుల్ సర్టిఫికెట్‌ను మొదటి నుంచి చివరి దాకా నేనూ చూశాను. వాళ్లు చేస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను.

ఇది 2018లో మొదలైంది. డిగ్రీ, అనుభవం ఏదీ లేనివాళ్ల కోసమే తయారుచేశారు. ఇందులో ముఖ్యమైనవి 5 కోర్సులు: కంప్యూటర్ బేసిక్స్, నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, సెక్యూరిటీ. వారానికి పది గంటల లోపు కేటాయిస్తే మూడు నుంచి ఆరు నెలల్లో పూర్తవుతుందని చెబుతారు. ఉద్యోగం పోయి ఇంట్లో టెన్షన్‌లో ఉన్న మనిషి ఆరు నెలల లెక్కనే నమ్ముకోవడం మంచిది.

మొదటి కోర్సులో నాకు బాగా నచ్చింది కంప్యూటర్ విప్పి బిగించడం కాదు. అవతలి మనిషితో ఎలా మాట్లాడాలి, సమస్య మూలం దాకా ఎలా వెళ్లాలి, చేసిన పనిని తర్వాతివాళ్లకు అర్థమయ్యేలా టికెట్‌లో, అంటే ఒక్కో ఫిర్యాదుకు తెరిచే రికార్డులో, ఎలా రాయాలి అన్నవి అక్కడే చెప్పేస్తారు. ఈ ఉద్యోగంలో సగం పని అదే. టికెట్‌లో "ఫిక్స్ చేశాను" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయేవాళ్లతో నేను ఎంత ఇబ్బంది పడ్డానో నాకే తెలుసు. కొత్తవాళ్లకు దీన్ని మొదటి రోజుల్లోనే నేర్పడం చాలా పెద్ద విషయం.

రెండోది నెట్‌వర్కింగ్. మొత్తంలో గట్టి కోర్సు ఇదే, ఎక్కువమంది ఆగిపోయేది కూడా ఇక్కడే. నెట్‌వర్క్ పనిని ఐదు పొరలుగా విడదీసి చూపే మోడల్ వరకు అందరూ హాయిగా వస్తారు. ఒక నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే సబ్‌నెటింగ్ రాగానే, 0, 1లతో చేసే బైనరీ లెక్కలు చూసి "ఇది నా వల్ల కాదు" అనేస్తారు. నేను వాళ్లకు చెప్పేది ఇదే: వీడియో ఆపండి, కాగితం మీద ఎనిమిది గళ్లు గీయండి, ఒక్కో గడి పైన 128, 64, 32 అంటూ 1 వరకు రాసుకోండి. ఏ సంఖ్యకు ఏ గళ్లలో 1 పడుతుందో చేత్తో నింపండి. ఇలా కొన్ని లెక్కలు చేశాక భయం పోతుంది. హెల్ప్‌డెస్క్ మొదటి ఉద్యోగంలో సబ్‌నెట్ లెక్క రోజూ తగలదు కూడా. రోజూ తగిలేది సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్, నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు అలాంటి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ. ఆ రెండింటినీ ఈ కోర్సులో ఎంత ఓపికగా విడమరిచి చెప్పారంటే, ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా ఒకసారి వింటే బాగుంటుంది.

మూడో కోర్సులో ఒకే పనిని విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పక్కపక్కనే చేసి చూపిస్తారు. ఫైల్ అనుమతులు మార్చడం, ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను మూసేయడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం లాంటివన్నీ ఉంటాయి. వీడియోతో వదిలేయకుండా ల్యాబ్ ఇస్తారు. బ్రౌజర్‌లోంచే దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లి కమాండ్ కొట్టాలి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇది వరమే, ఎందుకంటే బరువంతా అటువైపు మెషీన్ మోస్తుంది. అయితే ల్యాబ్‌కు టైమ్ ఉంటుంది, మార్కులు వేసేది కూడా మెషీనే. చేసిన పని సరైనదో కాదో అది చెబుతుంది కానీ, మీరు ఎక్కడ తికమకపడుతున్నారో మీ ముఖం చూసి పట్టుకోలేదు.

నాలుగో కోర్సు మీద ఎక్కువ చెప్పను. కంపెనీలో అందరి ఖాతాలూ అనుమతులూ ఒకచోట నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ, ఇంకా బ్యాకప్ భాగాలు శ్రద్ధగా చూడండి, మిగతావి ఉద్యోగంలో చేరాక మళ్లీ చదువుకోవచ్చు. సెక్యూరిటీ కోర్సు మాత్రం బాగుంది.

ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో నటించి చూపించే వీడియోలూ ఉన్నాయి. వాటిని చూసి ఊరుకోవద్దు. మా లైబ్రరీలో నేను వెనక్కి తిరిగి కూర్చుని ఫోన్ చేసిన మనిషిలా మాట్లాడతాను. "ఇంటర్నెట్ రావట్లేదండీ, అర్జెంట్" అని ఒక్క మాటే అంటాను. ఇంకేమీ చెప్పను. మొదట్లో అందరూ "రీస్టార్ట్ చేయండి" అంటారు. చాలా ఏళ్లు ఇంటిపట్టున ఉండి మళ్లీ పని వెతుక్కుంటున్న ఒకామె మాత్రం కాస్త ఆగి, "ఏ సైటూ తెరుచుకోవట్లేదాండీ, లేక ఒక్కటేనా? మీ పక్క సీట్లోవాళ్లకు వస్తోందా?" అని అడిగింది. ఆ తర్వాత అవతలి మెషీన్ జవాబిస్తోందో లేదో చూసే పింగ్ కమాండ్‌తో మొదలుపెట్టి, చిరునామా అంకెలతో కొడితే వస్తోంది, పేరుతో కొడితే రావట్లేదని తేల్చి, డీఎన్‌ఎస్ దగ్గరికి తనే చేరుకుంది. రెండో కోర్సులో విన్నది ఆమె నోట ప్రశ్నలుగా మారింది. నేను మేనేజర్‌నైతే అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేవాణ్ణి.

ఈ పని కోర్సు ఒక్కటే చేయలేదు. ఆన్‌లైన్ కోర్సులో మీరు రెండు వారాలు కనిపించకపోతే "ఏమైంది?" అని అడిగే మనిషి ఉండడు. 2019లో సైన్స్ పత్రికలో ఎంఐటీ పరిశోధకులు ఎడెక్స్ అనే కోర్సుల సైట్ మీద హార్వర్డ్, ఎంఐటీ నడిపిన ఆన్‌లైన్ కోర్సుల లెక్క ప్రచురించారు. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది సుమారు 3 శాతమే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో కూడా సగానికి తక్కువే. ఇది వేరే వేదిక లెక్కే అయినా, నా కళ్ల ముందు ఆగిపోయినవాళ్ల కారణం కూడా తెలివి తక్కువై కాదు, ఒంటరితనం.

దీనికి భిన్నంగా న్యూయార్క్‌లో మొదలైన పర్ స్కోలాస్ అనే సంస్థను చూడండి. ఇలాంటి ఐటీ సపోర్ట్ శిక్షణనే ఉచితంగా, తరగతిగా, టీచర్లతో ఇస్తుంది. కంపెనీలకు ఏం కావాలో కనుక్కుని నేర్పుతుంది, ఉద్యోగం దొరికే వరకు వెంట ఉంటుంది. లాటరీ పద్ధతిలో ఎంపికైనవాళ్లనూ కానివాళ్లనూ పోల్చి చేసిన అధ్యయనాల్లో శిక్షణ పొందినవాళ్ల సంపాదన పెరిగినట్టు తేలింది. అక్కడ దొరికే తోడును మన దగ్గర మనమే ఏర్పాటు చేసుకోవాలి.

కాబట్టి ఒంటరిగా చేస్తే నేనిచ్చేది మూడు స్టార్లు. ఇద్దరు ముగ్గురు కలిసి, వారానికి ఒకసారి ఎదురెదురుగా కూర్చుని, ఈ పని తెలిసిన ఒకరిని అడుగుతూ చేస్తే నాలుగున్నర.

ఇంగ్లిష్ వినడం కష్టమనిపించేవాళ్లు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వేగం తగ్గించి చూడండి. నెలనెలా ఫీజు కట్టలేనివాళ్లు కోర్సెరాలో ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ పరిస్థితి, ఈ కోర్సు ఎందుకు కావాలో మీ మాటల్లో రాయాలి. జవాబుకు రెండు వారాలకు పైగా పట్టొచ్చు కాబట్టి ముందే పెట్టేయండి.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక, ఐటీ సపోర్ట్‌కే సంబంధించిన మరో సర్టిఫికెట్ కాంప్టియా ఏ ప్లస్ కూడా రాయగలిగితే రాయండి. అందులో 90 నిమిషాల చొప్పున రెండు పరీక్షలు ఉంటాయి. గూగుల్ కోర్సు చదివినవాళ్లకు ఆ సిలబస్‌లో చాలా భాగం పరిచయమైనదే. ఉద్యోగాలకు అప్లై చేయడానికి మాత్రం అంతవరకు ఆగొద్దు, మూడో కోర్సు అవగానే మొదలుపెట్టండి. రెజ్యూమెలో సర్టిఫికెట్ పేరు ఒక లైన్ చాలు. దాని కింద మీరు ల్యాబ్‌లో ఏ సమస్య వస్తే ఏం చూసి, ఏం మార్చి సరిచేశారో నాలుగు లైన్లు రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది వాటి గురించే.